ఒద్దు నొక్కు

రాత్రి పదకొండున్నర.
పాత పోస్టాఫీసు దగ్గర ఏటీఎంకి నేను కాపలా.
అంటే లోపలున్న ఏసీకి కాపలా,
ఆ చల్లదనానికొచ్చి పడుకునే కుక్కకి కాపలా.
డబ్బు సంగతి కెమెరా చూసుకుంటాది.

ఆటో దిగేడొకడు. బొగ్గు ఓడ మనిషి,
గోళ్ళ సందుల్లో నలుపు చూస్తే తెలిసిపోతాది.
ఫిలిప్పీన్సట. పేరు రోడెల్.
వెనకాల ఆటో అసిరయ్య, ఇంజను ఆపకుండా,
"అరవై బావూ, అరవయ్యే" అని
ఆరు వేళ్ళు చూపిస్తన్నాడు.

ఈ ఊర్లో ఇప్పుడు
మురీ మిక్చరు బండికి స్కానరుంది.
బీచిలో గుర్రానికి మెడలో వేలాడతాది స్కానరు.
ఇక్కడి నంబరు లేని మనిషికి మాత్రం
ఊరంతా మూసేసిన కొట్టే.

కార్డు తీసేడు. నీలంది, మూలన అరిగింది.
సింగపూర్‌లో పనిచేసిందట, డర్బన్‌లో పనిచేసిందట,
అడక్కుండానే చెబుతున్నాడు
పెళ్ళిచూపుల్లో పిల్లాడి ఉద్యోగం చెప్పినట్టు.

మిషను ముందు భాష అడిగింది.
సేవింగ్సా, కరెంటా అంది.
నాలుగంకెలు కొట్టమంది. అతనికి ఆరున్నాయి.
నాలుగు పడగానే తనంతట తానే ముందుకెళ్ళిపోయి
తప్పంది.
మళ్ళీ కొడితే మళ్ళీ తప్పంది.
మూడోసారికి కార్డు మింగీసి కూచుంటాది,
సోమవారం దాకా కక్కదు.
మొన్న శివరాత్రికి ఒక ఇటలీ పెద్దావిడ
ఈ మెట్ల మీదే తెల్లారబెట్టింది.

"రా" అన్నాను. వీధి చివర ఇంకో బ్యాంకు మిషనుంది.
డ్యూటీ వదిలి వెళ్ళకూడదు.
కుక్కకి చెప్పి వెళ్ళేను.

ఆ ముఖం నాకు తెలుసు.
పదిహేనేళ్ళ కిందట మా బోటు ఇంజను చెడిపోయి
గాలి ఎటు తోస్తే అటు పోయి, బంగ్లా నీళ్ళలో తేలేం.
ఠాణా అరుగు మీద కూచోబెట్టేరు ఏడుగుర్ని.
నా లుంగీ మడతలో తడిసిన వంద నోట్లు మూడు.
టీ కుర్రాడు ఒకటి తీసుకుని, దీపానికెదురుగా పట్టి,
గాంధీగారిని గుర్తుపట్టేడు.
టీ మాత్రం ఇవ్వలేదు.
డబ్బు చేతిలో ఉండగా వేసే ఆకలి
డబ్బు లేని ఆకలిలా ఉండదు.
అది మనల్ని ఎక్కిరిస్తాది.

రెండో మిషను ఆరంకెలూ మింగింది.
అప్పుడు తెర మీద తేనె పూసిన ప్రశ్న:
మీ దేశం డబ్బులోనే లెక్క కట్టమంటారా?
అతను సంబరంగా అవును మీద వేలెట్టబోతే
చెయ్యి పట్టుకుని ఆపేను.
"ఒద్దు. ఒద్దు నొక్కు."
నీకేటి తెలుసని అడగలేదు పాపం.
ఒక నేవీ ఆఫీసరు పెళ్ళానికి చెబుతుంటే విన్నాను:
అవునంటే మిషనే తన ధర కట్టీసి
వందకి ఐదో ఆరో కొట్టీస్తాది,
ఒద్దంటే వాళ్ళ బ్యాంకు కట్టుకుంటాది, అదే నయం.
కాపలావాడి చదువంతా చెవుల్లోనే.

లోపల గరగరలాడింది.
నాలుగు ఐదొందల నోట్లు.
రోడెల్ వాటిని ఊదుకున్నాడు, వేడి అన్నంలాగ.

పరిగెత్తుకొచ్చి ఒకటి చాపేడు.
అసిరయ్య నోటుని చూసి, మా ఇద్దర్నీ చూసి,
"సిల్లరేదీ బావూ?
సిల్లరెవుడికాడుంటాది ఈ రోజుల్లో!"
టీ కొట్టు కట్టీసింది. కిళ్ళీ బడ్డీకి తాళం.
హార్బరు వైపు నుంచి బొగ్గు వాసన తప్ప
వీధిలో ఎవరూ లేరు.

నా ఫోను తీసి, అసిరయ్య ఆటోకి అంటించిన
గళ్ళ కాయితం మీద పెట్టేను.
ఠంగుమంది. అరవై.
నా రాత్రి కూలీలో అదెంతో
లెక్క వేయను, ఒగ్గీయండి.

రోడెల్ ఐదొందలూ నా జేబులో కుక్కబోయేడు.
నేను నోరు తెరిచేలోగా తనే అన్నాడు,
"ఒద్దు నొక్కు?"
ముగ్గురం నవ్వేం. అసిరయ్య ఎందుకు నవ్వేడో తెలీదు.

వాళ్ళ దేశం నాణెమొకటి కుర్చీ మీద పెట్టి
గేటు వైపు నడిచిపోయేడు.
ఎంత చేస్తాదో నేనెవర్నీ అడగలేదు.
టార్చిలైటు మర వదులైనప్పుడల్లా
దాన్తోనే బిగించుకుంటాను.
గాడిలో సరిగ్గా సరిపోతాది.